సారవ్వ చూసొచ్చిన రెండు పట్నాలు

గోదావరిఖనిలో ఆఫీసర్ల బంగళాల వరుసలో సారవ్వను ఎరగని ఇల్లు లేదు. ఫస్ట్ షిఫ్టు బస్సులు వెళ్లిపోయాక, పొద్దున ఆరున్నరకల్లా గాంధీనగర్ నుంచి నడుచుకుంటూ వచ్చి సూర్యప్రకాశరావు గారి గేటు తీసేది. ఇరవై రెండేళ్లలో ఆ ఇంటికి రంగులు నాలుగుసార్లు మారాయి. సారవ్వ వచ్చే వేళ మాత్రం మారలేదు.

ఆమెది రామగిరి దగ్గరి పల్లె. భర్త రాయమల్లు గనిలో బదిలీ వర్కరుగా, అంటే డ్యూటీకి రానివాళ్ల బదులు దిగే కూలీగా పనిచేస్తూ, పర్మినెంటు కాకముందే పచ్చకామెర్లతో పోయాడు. పర్మినెంటు అయ్యుంటే భార్యకు కంపెనీలో ఏదో ఒక ఉద్యోగం వచ్చేది. కాలేదు కాబట్టి రాలేదు. చేతిలో తొమ్మిదేళ్ల కొడుకు శివ. పక్కింట్లో ఉండే అక్క సారక్క, "ఏడుస్తూ కూసుంటే ఎవడు పెడ్తడే?" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఈ బంగళాలో పనికి పెట్టింది.

సూర్యప్రకాశరావు తెనాలి వైపు నుంచి ఉద్యోగానికొచ్చి, గనుల్లో ఒక్కో మెట్టూ ఎక్కిన ఇంజనీరు. మంచివాడు, మితభాషి. ఆయన భార్య చంద్రమతి నోరు మంచిది, చెయ్యీ పిసినారి కాదు. ఇద్దరు ఆడపిల్లలు. సారవ్వ పనిలో చేరేనాటికి పెద్దమ్మాయి విద్యకు తొమ్మిదేళ్లు, చిన్నది సుహాసినికి ఐదు. సారుకు గోలేటి గనులకు బదిలీ అయిన మూడేళ్లూ, పిల్లల చదువు పాడవుతుందని కుటుంబం ఇక్కడే ఉండిపోయింది. ఆ మూడేళ్లూ సారవ్వ కొడుకును అక్కకు అప్పజెప్పి బంగళాలోనే పడుకుంది. విద్యకు టైఫాయిడ్ వచ్చినప్పుడు దవాఖానలో పదకొండు రోజులు మంచం పక్కన నేల మీద కూర్చున్నది సారవ్వే. చంద్రమతికి చిన్నదాన్ని చూసుకోవడంతోనే సరిపోయింది.

ఆ విద్యకు చిన్నప్పుడు టీచరాట పిచ్చి. గిన్నెలు తోమి చేతులు తుడుచుకుంటున్న సారవ్వను లాక్కెళ్లి ఎదురుగా కూర్చోబెట్టుకుని, పలక మీద అక్షరాలు దిద్దించేది. తప్పు రాస్తే స్కేలుతో ఉత్తుత్తి దెబ్బలు. ఆ ఆటలోనే సారవ్వకు చదవడం వచ్చేసింది. కూడబలుక్కునైనా సరే, బస్సు బోర్డూ, మందు సీసా మీది పేరూ, పేపర్లో పెద్దక్షరాలూ చదివేది. పెద్దవాళ్లెవరూ ఆ సంగతి గమనించలేదు.

పిల్లలు పెద్దవాళ్లయ్యారు, పెళ్లిళ్లయ్యాయి. విద్య హైదరాబాదులో, సుహాసిని బెంగళూరులో స్థిరపడ్డారు. విద్యకు మూడేళ్ల కూతురు, సుహాసినికి నెలల పాప. సారవ్వ కొడుకు శివ గోలేటిలో ఫిట్టర్‌గా చేరి అక్కడే కాపురం పెట్టాడు. ఇక సూర్యప్రకాశరావు రిటైరయ్యే ఏడు వచ్చింది. రిటైరైతే బంగళా ఖాళీ చెయ్యాలి. ఎక్కడికి వెళ్లాలి? పెద్దకూతురి ఊరికా, చిన్నకూతురి ఊరికా? సంక్రాంతి వెళ్లింది మొదలు ఆ ఇంట్లో ఇదే మాట.

"హైదరాబాదులో ఎండాకాలం నీళ్లకి ట్యాంకర్లేనటండీ," అనేది చంద్రమతి, అన్నం ముందు కూర్చుని.

"బెంగళూరులో మాత్రం? అక్కడ ట్యాంకరు దొరకడమే గగనంట."

"కానీ చల్లగా ఉంటుంది కదా. ఇక్కడ ఎండలకి ముప్ఫై ఏళ్లు మాడిపోయాం."

"చల్లగానే ఉంటుంది. ఇంట్లోంచి ఆసుపత్రికి వెళ్లేలోపు ట్రాఫిక్కులో చలికాలం కూడా వచ్చేస్తుంది."

సారు గనుల మనిషి. లెక్క లేనిదే అడుగు వెయ్యడు. ఆఫీసు డైరీలో రెండు గడులు గీసి, ఒకదాని మీద హైదరాబాదు, ఇంకోదాని మీద బెంగళూరు అని రాసి, ఒక్కో విషయానికి పదికి ఇన్ని అని మార్కులు వెయ్యడం మొదలుపెట్టాడు. నీళ్లు, ఎండ, ఆసుపత్రి, గుడి, వాకింగు, భాష, బంధువులు. రాత్రి వేసిన మార్కులు పొద్దున కొట్టేసేవాడు. చంద్రమతి పక్కనుంచి వాదించేది.

సారవ్వ పుల్కాలు తెచ్చి వేస్తూ ఇవన్నీ వింటూనే ఉండేది. ఎప్పుడో ఒకప్పుడు తల తిప్పి, "సారవ్వా, మరి నీ సంగతేంటి? నువ్వేం చేస్తావు?" అని అడుగుతారనుకుంది. అడిగితే ఏం చెప్పాలో కూడా రెండు మూడు రకాలుగా అనుకుంది. ఒకసారి పోతాననిపించేది. పిల్లలు గుర్తొచ్చేవారు. ఇంకోసారి ఇక్కడే ఉండిపోతాననిపించేది. అడుగుతారు కదా, అప్పుడు చూద్దాంలే అని ఊరుకుంది.

ఫిబ్రవరిలో ఒకరోజు సారు ఆఫీసుకు వెళ్లాక, ఆమె బల్ల తుడుస్తోంది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు జరిగి, ఎప్పటిలాగే అల్మారాలో గ్లాసులు గలగలలాడాయి. బల్ల అంచున ఉన్న డైరీ కింద పడి తెరుచుకుంది. తీసి పెట్టబోతూ, గడులు కనబడేసరికి ఏ ఊరికి ఎన్ని వచ్చాయో చూద్దామని కళ్లు పెట్టింది. నీళ్లు అయిదు, నాలుగు. ఎండ మూడు, తొమ్మిది. ఆసుపత్రి తొమ్మిది, ఎనిమిది. అలా దిగుతూ దిగుతూ వచ్చేసరికి కింది నుంచి మూడో వరుసలో ఇలా ఉంది: "ఇంటిపని – సారవ్వ." హైదరాబాదు గడిలో పది. బెంగళూరు గడిలో పది. దాని కింద వరుసలో ఫ్రిజ్జు, వాషింగ్ మిషను లారీలో చేర్చే ఖర్చు.

సారవ్వకు మొదట తను సరిగ్గా చదివిందా అని అనుమానం వచ్చింది. వేలు పెట్టి మళ్లీ చదివింది. అరికాలి మంట నెత్తికెక్కింది. నీళ్లు దొరుకుతాయో దొరకవో తెలియదు. ఎండ ఎంతో తెలియదు. సారవ్వ మాత్రం ఏ ఊరికి పోయినా గ్యారంటీ!

సాయంత్రం ఇంటికి పోయి అక్క ముందు బద్దలైంది.

"పదికి పది ఏసిండే సారు నాకు! రెండు దిక్కులా! నేనొస్తనని ఆయనకెవరు చెప్పిండ్రు?"

"రానని చెప్పు, ఒడిసిపాయె," అంది సారక్క, బియ్యం ఏరుతూ.

"అడిగితే గద చెప్పేది! అడగందే రానని ఎట్ల చెప్తరే? నేనేమన్న ఆ ఇంట్ల బీరువనా, ఎత్తి లారీల ఏసుకపోనీకి?"

పోనీ తెల్లారి వెళ్లి నిలదీద్దామనుకుంది. కానీ తెల్లారేసరికి చంద్రమతే నవ్వుతూ ఎదురొచ్చింది.

"మార్చిలో విద్య దగ్గర రెండు వారాలు, సుహాసిని దగ్గర రెండు వారాలు ఉండి చూసొద్దామనుకుంటున్నాం, సారవ్వా. ఎక్కడ బాగుంటుందో అప్పుడే తేల్చుకోవచ్చు. నీ బట్టలు కూడా సర్దుకో."

"నేనెందుకమ్మా?"

"అదేం మాట? పిల్లలు నీ కోసం కలవరిస్తున్నారు. విద్య కూతురు, సారవ్వ ఎప్పుడొస్తుందని రోజూ ఫోన్లో అడుగుతోంది."

ఆ ఒక్క మాటకు సారవ్వ గుండె కరిగింది. పిల్లలను చూసి రెండేళ్లయింది. సరే, వాళ్లతో పాటు నేనూ చూస్త, నా కళ్లతోని నేను చూస్త అనుకుని సంచీ సర్దుకుంది. విద్యకు ఇష్టమని సకినాలు చేసి డబ్బాలో పోసుకుంది.

రామగుండం స్టేషన్లో రైలెక్కి సాయంత్రానికి హైదరాబాదు చేరారు. విద్య ఉండేది కొండాపూర్ దగ్గర, ఇరవై ఏడంతస్తుల మేడల్లో. విద్య గేటు దాకా వచ్చి సారవ్వను కావలించుకుంది. "సారవ్వా, చిక్కిపోయావేంటి!" అంది. సారవ్వకు కళ్లు చెమర్చాయి. లోపలికి వచ్చాక చంద్రమతీ సారూ ఒక లిఫ్టు వైపు నడిచారు. సారవ్వ కూడా వెనకే నడవబోతే సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వటు పోవాలె. ఎనక లిఫ్టు."

విద్య చటుక్కున, "ఇక్కడ రూలు సారవ్వా. ఏమనుకోకు, నేనూ నీతో వస్తాను," అంది. ఆ రోజు వచ్చింది. మర్నాటి నుంచి సారవ్వ ఒక్కతే వెనక లిఫ్టులో ఎక్కింది, దిగింది. ఆ లిఫ్టులో తెలుగులో కూడా ఒక బోర్డు ఉంది. కూడబలుక్కుని చదివింది: పనివాళ్లు, డెలివరీవాళ్లు, చెత్తడబ్బాలు, పెంపుడు జంతువులు ఈ లిఫ్టు మాత్రమే వాడవలెను. అప్పుడే ఒకాయన కుక్కను పట్టుకుని ఎక్కాడు. ఎక్కించి, గొలుసు అక్కడున్న కుర్రాడి చేతికిచ్చి, తను దిగి అవతలి లిఫ్టుకు వెళ్లిపోయాడు.

మెడలో వేసుకోమని ఫొటో ఉన్న కార్డు ఇచ్చారు. సారవ్వ దాన్ని కొంగు లోపల దాచుకునేది. గేటు దగ్గర ప్రతిసారీ, "బయటికి తియ్యి," అనేవాళ్లు.

అయినా ఓర్చుకుంది. విద్య కూతురు మెడ పట్టుకుని వేలాడుతుంటే లిఫ్టూ కార్డూ ఏమంత పెద్దవి కాదనిపించింది. తొమ్మిదో రోజు సాయంత్రం పాపను కింద తోటలో ఆడించడానికి తీసుకెళ్లింది. పాప జారుడుబండ ఎక్కుతుంటే, మోకాళ్లు నొప్పి పుట్టి పక్కన ఉన్న బెంచీ మీద కూర్చుంది. నిండా రెండు నిమిషాలు కాలేదు. ట్రాక్ సూటు వేసుకున్న ఒకావిడ వచ్చి ఎదురుగా నిలబడింది.

"లే. ఇవి ఇక్కడుండే వాళ్ల కోసం."

"నేనూ ఈడనే ఉంటున్నమ్మా. పన్నెండో అంతస్తు."

"ఉండటం కాదు. నువ్వు మెయిడువి. కింద గట్టు ఉంది, అక్కడ కూర్చో. ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

సరిగ్గా అప్పుడే విద్య ఆఫీసు నుంచి వచ్చి, పాప కోసం తోటలోకే వచ్చింది. సారవ్వ ఆమె వైపు చూసింది. ఇప్పుడు చెప్తది నా బిడ్డ, అనుకుంది. తనను పెంచిన మనిషి అని చెప్తది, ఈమె నోరు మూయిస్తది.

విద్య ముఖం ఎర్రబడింది. "సారీ ఆంటీ," అంది. "ఊరి నుంచి కొత్తగా వచ్చింది. తెలియదు. నేను చెప్తాను."

సారవ్వ లేచింది. తల తీసేసినట్టయింది. పాపను ఎత్తుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెనక లిఫ్టులో పైకి వెళ్లిపోయింది. ఆ రాత్రి విద్య వంటగదిలోకి వచ్చి, "ఆవిడ అసోసియేషన్ సెక్రటరీ సారవ్వా. గొడవెందుకని..." అని నసిగింది. సారవ్వ గిన్నెలు తోముతూనే ఉంది.

సారు ఆ రాత్రి డైరీలో హైదరాబాదుకు వాకింగు కింద తొమ్మిది వేశాడు. తోట బాగుందట.

రెండు వారాలు కాగానే కాచిగూడలో బెంగళూరు రైలెక్కారు. నిజం చెప్పాలంటే ఆ ఊరి గాలి సారవ్వకు నచ్చింది. మార్చి నెలలో కూడా తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవాలనిపించింది. పైగా అక్కడ వెనక లిఫ్టు లేదు. అందరూ ఒక్కదాంట్లోనే ఎక్కారు. ఈ ఊరే నయం, అనుకుంది మొదటి రోజు.

పడుకోవడానికి వంటగది వెనక గ్రిల్లు బిగించిన బాల్కనీలో, వాషింగ్ మిషను పక్కన సన్నటి మంచం వేశారు. సుహాసిని కొత్త దుప్పట్లు, తలగడ కొని పెట్టింది. "నీకు కావాల్సినవన్నీ చెప్పు, మొహమాటపడకు," అంది. పాప సారవ్వ ఒళ్లోకి రాగానే ఏడుపు మానేది. నాలుగు రోజులు హాయిగా గడిచాయి.

అయిదో రోజు ఉదయం, చంద్రమతీ సారూ గుడికి వెళ్లారు. సుహాసినీ ఆమె భర్తా ఆఫీసులకు వెళ్లారు. సారవ్వ పాపకు నూనె రాసి స్నానం చేయించి, చాప మీద పడుకోబెట్టింది. ఉక్కగా ఉందని కొంగు దించి మెడా చేతులూ తుడుచుకుంటూ, చచ్చిపోయిన రాయమల్లును తిడుతూ తనలో తనే మాట్లాడుకుంటోంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆమెకు అది అలవాటు. ఉన్నట్టుండి గదిలో ఎవరో పిలిచారు.

"సారవ్వా, పాపని ఫ్యాన్ కింద కాకుండా కొంచెం ఇటు పడుకోబెట్టు."

సారవ్వ అదిరిపడి కొంగు కప్పుకుంది. ఇల్లంతా వెతికింది. ఎవరూ లేరు. మళ్లీ గొంతు వచ్చింది: "నేనే, సుహాసినిని. ఆఫీసు నుంచి మాట్లాడుతున్నా. షెల్ఫు మీద తెల్లగా ఉంది చూడు, కెమెరా. అందులోంచే."

ఆడుకునే బొమ్మలా ఉన్న ఆ గుండ్రటి వస్తువును ఆమె రోజూ గుడ్డతో తుడుస్తూనే ఉంది. వంటగదిలోనూ అలాంటిదే ఇంకొకటి ఉంది. నాలుగు రోజులుగా తను తల దువ్వుకున్నదీ, ముక్కు చీదుకున్నదీ, చనిపోయిన మొగుడితో చెప్పుకున్న కష్టసుఖాలూ అన్నీ ఎక్కడో ఆఫీసులో కూర్చుని ఒకరు చూస్తున్నారు, వింటున్నారు. సారవ్వ ఒళ్లంతా తేళ్లు పాకినట్టయింది. వంటగదిలోకి వెళ్లి, పాలు వడగట్టే గుడ్డ ఒకటి, మసిగుడ్డ ఒకటి తెచ్చి రెండింటి మీదా కప్పేసింది.

ముప్పావు గంటలో సుహాసిని ఆటోలో పరిగెత్తుకొచ్చింది. పాప నిద్రపోతోంది. సారవ్వ పక్కనే కూర్చుని ఉంది.

"ఎందుకు కప్పేశావు? నాకెంత భయమేసిందో తెలుసా?"

"నిన్ను నేను గీ పాపంత ఉన్నప్పటి సంది కాకున్నా, ఐదేండ్ల పిల్లప్పటి సంది సాకిన. అప్పుడు మీ అమ్మ నా మీద ఏ అద్దం పెట్టింది?"

"నీ మీద నమ్మకం లేక కాదు సారవ్వా! ఇక్కడ అందరిళ్లలోనూ ఉంటాయి."

"నమ్మకముంటే ముందుగాల చెప్పకపోదువా? నాలుగొద్దులాయె నేనొచ్చి. ఒక్క మాట! సారవ్వా, గీడ ఒకటున్నది, జెర పైలం, అని ఒక్క మాట!"

సుహాసిని గుడ్డలు తియ్యడానికి చెయ్యి చాపి, సారవ్వ ముఖం చూసి ఆగిపోయింది.

ఆ సాయంత్రం అందరూ హాల్లో కూర్చున్నారు. సంగతి చంద్రమతికి తెలిసింది. వాతావరణాన్ని తేలిక చేద్దామనుకున్నాడో ఏమో, సారు డైరీ మూసి, కళ్లజోడు తీసి, ఇన్నాళ్లలో మొదటిసారి ఆ ప్రశ్న అడిగాడు.

"ఇంతకీ సారవ్వా, రెండూ చూశావు కదా. నీకే ఊరు నచ్చింది?"

సారవ్వ చేతిలో కాఫీ ట్రే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడడుగుతున్నరా సారూ? పదికి పది ఏసినంక?"

సారుకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తెల్లబోయాడు. "నువ్వు... చదివావా?"

"చదివిన. మీ పెద్దబిడ్డ నేర్పిన చదువే. నీళ్లకు మార్కులేసిండ్రు, ఎండకు ఏసిండ్రు. నీళ్లకు నోరు లేదు, ఎండకు నోరు లేదు. నాకున్నది గద! సారవ్వా, వస్తవా రావా అని ఒక్కనాడన్న అడిగిండ్రా? హైదరాబాదుల కుక్కను ఎక్కించే లిఫ్టుల నన్ను ఎక్కించిండ్రు. బెంచీ మీదికెళ్లి లేపిండ్రు. ఈడ దొంగ మీద పెట్టినట్టు నా మీద కన్ను పెట్టిండ్రు. మీకు గాలి ఎట్లున్నదో, గుడి ఎంత దూరమో చూసుకునుడే సరిపాయె. నేను యాడ కూసుంట, యాడ పండుకుంట, నా ఇజ్జత్ ఏమైతది, గది ఏ గడిల రాసిండ్రు?"

"అదేంటి సారవ్వా!" అంది చంద్రమతి. "ఇన్నేళ్లూ నిన్ను ఇంట్లో మనిషిలా చూసుకోలేదూ?"

"చూసిండ్రమ్మా, కాదన. గోదావరిఖనిల చూసిండ్రు. పట్నం రాంగనే నేను మెయిడునైన. ఇంట్ల మనిషిని బయటోళ్లు ఒక మాటంటే ఇంటోళ్లు ఊకుంటరా? విద్యమ్మ ఊకున్నది. సారీ చెప్పింది. నాకు కాదు, ఆమెకు!"

లోపల పాప ఏడ్చింది. అలవాటు చొప్పున సారవ్వ అడుగు ముందుకేసి, మళ్లీ ఆగింది. సుహాసినే లేచి వెళ్లింది.

"నాకు రైలు టికెట్ తియ్యుండ్రి," అంది సారవ్వ. "నేను మా ఊరికి పోత."

ఆ తర్వాత రెండో రోజు సారే స్వయంగా ఆమెను స్టేషనుకు తీసుకెళ్లాడు. సికింద్రాబాదులో రైలు మారేటప్పుడు శివ వచ్చి కలుసుకుంటానన్నాడు. ప్లాట్‌ఫారం మీద సారు నీళ్ల సీసా, అరటిపళ్లు కొనిచ్చి అన్నాడు.

"పదికి పది వేసింది గౌరవంతోనే సారవ్వా. నీ పనికి వంక పెట్టేవాడెవడు?"

"పనికి ఏసిండ్రు సారూ. నాకు కాదు," అంది సారవ్వ. ఆయన తల ఊపాడు. రైలు కదిలేదాకా అక్కడే నిలబడ్డాడు. అందుకే ఆ మనిషి మీద ఆమెకు కోపం ఉన్నా కసి లేదు.

చివరికి వాళ్లు హైదరాబాదుకే వెళ్లారు. చంద్రమతికి మోకాలి ఆపరేషను అవసరమైంది, ఆ డాక్టరు అక్కడున్నాడు. అన్ని మార్కులూ అలా ఒక్క మోకాలితో తేలిపోయాయి. సామాన్లు సర్దే నాలుగు రోజులూ సారవ్వ వేళకే వచ్చి వంటిల్లంతా తనే పెట్టెలకెత్తింది. పని సగంలో వదిలేసిందన్న మాట పడటం ఆమెకు ఇష్టం లేదు. వెళ్లేముందు చంద్రమతి పాత ఫ్రిజ్జు, మంచం తీసుకోమంది. "వద్దమ్మా, మా ఇంట్ల జాగ లేదు," అంది సారవ్వ. జాగా ఉంది. చంద్రమతికీ తెలుసు. గేటు దగ్గర చంద్రమతి ఏడ్చింది. సారవ్వ కూడా ఏడ్చింది. అయినా రానన్న మాట రాననే ఉండిపోయింది.

"ఇరవై రెండేండ్ల కొలువు కోపానికి పోగొట్టుకుంటివి," అంది సారక్క. "ఇప్పుడేం చేస్తవే?"

"ఎవలన్న అడుగుతరు. అడిగిన కాడికి పోత."

నెలన్నర ఖాళీగానే గడిచింది. శివ గోలేటికి వచ్చెయ్యమన్నాడు. సారవ్వ మొండికేసింది. అప్పుడు గనిలో కొత్తగా చేరిన ముగ్గురు ఆడ ఇంజనీర్లు ఒక క్వార్టరులో కలిసి దిగారని, వంటమనిషి కోసం చూస్తున్నారని తెలిసింది. సారవ్వ వెళ్లింది. తలుపు తీసింది భావ్య, మంథని అమ్మాయి. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టుంది, కనురెప్పల మీద ఇంకా బొగ్గు నుసి ఉంది.

సారవ్వ గుమ్మం బయటే నిలబడి, అమ్మాయి నోరు తెరవకముందే మొదలుపెట్టింది. "ముందుగాల్నే చెప్తున్న బిడ్డా. నేను కుర్చీల కూసుంట. ఆదివారం రాను. మీరు తినే గిన్నెలనే తింట. ఇంట్ల కెమెరాలు గిట్ల ఉంటే ఇప్పుడే చెప్పుండ్రి."

భావ్యకు నవ్వొచ్చింది. "కెమెరాలెందుకు అక్కా, దొంగిలించనీకి ఈడ మూడు హెల్మెట్లు తప్ప ఏమున్నయి? లోపలికి రా, కూసో. మాకు షిఫ్టులు మారుతుంటయి. నీకు ఏ టైము కుదుర్తదో నువ్వే చెప్పు."

నీకు ఏ టైము కుదుర్తది! ఆ మాట ఆమెను ఎవరూ ఎన్నడూ అడగలేదు. వెంటనే ఏం చెప్పాలో తోచక, "రేపు చెప్త," అనేసింది.

వానాకాలంలో స్నేహితురాలి పెళ్లికని విద్య గోదావరిఖని వచ్చింది. పెళ్లి నుంచి సరాసరి, పట్టుచీరతోనే, గాంధీనగర్ సందులో ఇల్లు వెతుక్కుంటూ వచ్చి సారవ్వ గడపలో నిలబడింది. ఇరవై రెండేళ్లలో ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి. సారవ్వ చాప వేసింది. అన్నం పెట్టింది. పచ్చిపులుసు పోసింది. విద్య సగం తిని, చెయ్యి ఆపి ఏడుపు మొదలుపెట్టింది.

"నా మీద ఇంకా కోపం పోలేదా సారవ్వా?"

"పోలే. ఎందుకు పోవాలె?" సారవ్వ గొంతు లేచింది. పక్కింట్లోంచి సారక్క తొంగి చూసింది. "నువ్వు జ్వరంల ఒళ్లు తెల్వకుంట పడి ఉంటే నా కొడుకు మొకం సూడక పదకొండొద్దులు నీ కాడ కూసున్న. దానికి నువ్వు నాకేమియ్యాల్సిన పని లేదు. కాని గా సెక్రటరమ్మ ముంగట, ఈమె నన్ను సాకింది అనే మూడు ముక్కలు నీ నోట్లకెళ్లి రాకపాయె. ఏం పోతుండె నీకు? నౌకరి పోతుండెనా? ఇల్లు పోతుండెనా?"

"సిగ్గేసింది," అంది విద్య, తల వంచుకుని. "అందరూ చూస్తున్నారని."

"నాతోని సిగ్గా?"

విద్య తల ఎత్తింది. "అవును. అప్పుడు. ఇప్పుడు నన్ను చూస్తే నాకే సిగ్గేస్తోంది."

ఆ నిజం విన్నాక సారవ్వ కేకలు ఆగిపోయాయి. కోపం ఆగలేదు. "తిను, సల్లగైతది," అంది. ఫర్వాలేదులే అని మాత్రం అనలేదు. ఇంకో గరిటె పులుసు పోసింది. వెళ్లేటప్పుడు విద్య కాళ్లకు వంగబోతే భుజాలు పట్టి లేపింది.

"నా కాళ్లెందుకు మొక్కుడు? పోయి మీ మేడలోళ్ల మీటింగుల మాట్లాడు. నా తర్వాత ఆడ ఎందరు మోకాళ్ల నొప్పులోళ్లు పనికొస్తుండ్రో."

నెల తర్వాత ఒక ఆదివారం విద్య ఫోన్ చేసింది. అసోసియేషన్ మీటింగులో లిఫ్టు బోర్డూ బెంచీల సంగతీ లేవనెత్తిందట. ఇద్దరు ముగ్గురు తల ఊపారట. చాలామంది నవ్వారట. సెక్రటరీ, తర్వాత చూద్దాం అని వేరే విషయంలోకి వెళ్లిపోయిందట.

"నవ్విండ్రా?" అంది సారవ్వ, పళ్లు కొరుకుతూ.

"నవ్వారు."

"మల్ల అడుగు."

"అడిగితే మళ్లీ నవ్వుతారు సారవ్వా."

"నవ్వనీ. మల్ల మల్ల అడుగు. నేనైతే మీరు అడగాలెనని ఇరవై రెండేండ్లు ఎదురు చూసిన, నువ్వు గంత చెయ్యలేవా?"

పొయ్యి మీద అన్నం పొంగుతోంది. ఫోను సారక్క చేతికిచ్చి, సారవ్వ లోపలికి వెళ్లింది.